మోటారుకో తాడు కట్టలేరా?

అమెరికాలో చేపలవేటకి వాడే బాస్ బోట్లు కొన్ని గంటకి 60 మైళ్ళు దాటి పోతాయి. ఆ వేగంలో మునిగున్న దుంగ తగిలితే వెనకున్న ఔట్‌బోర్డ్ మోటారు విరిగి, ప్రొపెల్లర్ తిరుగుతూనే పడవలోకి పల్టీ కొట్టొచ్చు.

2021 ఏప్రిల్ నుంచి అక్కడ 26 అడుగుల లోపు పడవలు నడిపేవాళ్ళకి కిల్ స్విచ్ తగిలించుకోవాలని చట్టముంది. బావుంది. కానీ దాని తాడు లాగేది మనిషి పడిపోతేనే కదా. మోటారే మనిషి మీద పడితే?

మోటారుని పట్టి ఆపే గట్టి తాళ్ళు బజార్లో ఉన్నాయి, విడిగా కొనుక్కోవాలి. మోటారుతోపాటే ఎందుకివ్వరో నాకర్థం కాదు. దుంగ చూసుకోకపోవడం నడిపేవాడి తప్పంటారా? నీళ్ళకింద దుంగ ఎలా కనపడుతుందండీ? మనం కూడా ఇంతే, "యూజర్ ఎర్రర్" అని రాసి బగ్ క్లోజ్ చేసేస్తాం. తగులుతుందని ముందే తెలిసినప్పుడు అది డిజైన్ తప్పే.