ఉలుకూ పలుకూ లేని ఆజ్ఞ

యంత్రం తన తప్పు తాను చెప్పుకుంటే సగం వైద్యం జరిగినట్లే. "ఈ ద్వారం మూసి ఉన్నది" అనో, "మీ రహస్యపదం సరిపోలేదు" అనో తెర మీద ఒక పంక్తి కనిపిస్తే చాలు, మనిషి ఏదో ఒక దిక్కుకు కదులుతాడు. అసలు బాధ యంత్రం మౌనం వహించినప్పుడే. ఆజ్ఞ ఇచ్చారు, మీట నొక్కారు, తెర మీది గుర్తు మిణుకుమిణుకుమంటూ ఉన్నది, నిమిషాలు గడుస్తున్నవి, అవునని గాని, కాదని గాని జవాబు లేదు. ప్రోగ్రాముల రచనతో జీవించేవారిలో ఈ అనుభవం లేనివారు అరుదు. అందులోనూ "గిట్ ఫెచ్", "గిట్ పుల్" అనే ఆజ్ఞల విషయంలో ఇది తరచుగా సంభవిస్తుంది. ఆ మౌనానికి గల కారణాలేమిటో ఈ తడవ పరిశీలిద్దాం.

గిట్ అంటే ఏమిటో ఎరుగని పాఠకుల కోసం ఒక మాట. పలువురు కలిసి ఒకే ప్రోగ్రామును వ్రాస్తున్నప్పుడు ఎవరు, ఎప్పుడు, ఏ పంక్తిని మార్చారో భద్రపరచే పద్దుపుస్తకం వంటిది అది. లినక్స్ కెర్నెల్ రచనకు అంతవరకు వాడుతూ వచ్చిన బిట్‌కీపర్ అనే సాధనం ఉచితంగా లభించే అవకాశం పోవడంతో, లైనస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్‌లో దీని నిర్మాణానికి పూనుకున్నాడు. ఇందులోని విశేషమేమంటే, పద్దు ఒక్కచోటనే ఉండదు. పనిచేసే ప్రతివారి వద్దా చరిత్ర యావత్తూ గల పూర్తి ప్రతి ఉంటుంది. కరణంగారి ఇంట ఒక్కటే ఉండే దస్తరం కాదిది, ప్రతి రైతు ఇంటా ఉండే దస్తరం. ఇతరులు చేర్చిన కొత్త పద్దులను దూరాన ఉన్న కంప్యూటరు నుండి తన ప్రతిలోకి తెచ్చుకోవడమే ఫెచ్. తెచ్చినదానిని తన పనితో కలపడం కూడా చేస్తే పుల్.

మౌనం పది నిమిషాలు సాగేసరికి మనిషికి ఓర్పు నశిస్తుంది. ప్రమాదమంతా అప్పుడు చేసే పనిలోనే ఉన్నది. కంట్రోల్, సీ మీటలు కలిపి నొక్కి ఫెచ్‌ను ఆపివేయడం వల్ల సాధారణంగా నష్టం లేదు. రావలసిన సరకు మొదట ఒక తాత్కాలికమైన మూటగా చేరుతుంది. అది పూర్తిగా వచ్చి, సరిచూడడం ముగిసిన తరువాతనే శాఖల గుర్తులు ముందుకు జరుగుతవి. మధ్యలో ఆపితే ఆ మూట వృథా కావచ్చు గాని, పాత పద్దుకు చేటు లేదు. కాని చాలామంది అంతటితో ఊరుకోరు. "ఇదంతా తీసివేసి, కొత్త ప్రతి తెచ్చుకుందాం" అని ఫోల్డరునే తుడిచివేస్తారు. వారం రోజులుగా వ్రాసి, ఇంకా ఎవరికీ పంపని మార్పులు అందులోనే ఉన్నవన్న సంగతి ఆ తరువాత గాని జ్ఞాపకం రాదు. పైగా, ఫెచ్ కదలని దారిలో కొత్త ప్రతి మాత్రం ఎలా వస్తుంది? ఉన్నదీ పోతుంది, రావలసినదీ రాదు. కనుక మరే ప్రయోగమైనా చేయబోయే ముందు ఆ ఫోల్డరు మొత్తాన్ని, దానిలో దాగి ఉండే "డాట్‌గిట్" అనే అరతో సహా, మరొక చోటికి నకలు తీసుకోండి. వైద్యం ఆ తరువాత.

రోగి నోరు విప్పకపోతే వైద్యుడు స్టెతస్కోపు పెట్టి వింటాడు. గిట్‌కూ అటువంటి సాధనం లేకపోలేదు. "గిట్ ట్రేస్" అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు 1 అనే విలువ ఇచ్చి అదే ఆజ్ఞను మళ్లీ నడిపితే, తాను లోపల ఏ ప్రోగ్రామును పిలుస్తున్నదీ అది పంక్తి పంక్తిగా చెబుతుంది. దారి ఎస్‌ఎస్‌హెచ్ అయితే, ఆ ప్రోగ్రామును కూడా మూడు "వి" అక్షరాలతో వివరంగా మాట్లాడించవచ్చు. హెచ్‌టీటీపీఎస్ దారికి "గిట్ ట్రేస్ కర్ల్" అనే మరొక వేరియబుల్ ఉన్నది. ఈ మాటలన్నీ అర్థం కావలసిన అవసరం లేదు. మౌనానికి ముందు పడిన చివరి పంక్తి ఏదో చూడండి. నాడి దొరికేది అక్కడే.

కొన్నిసార్లు యంత్రం మౌనంగా ఉండదు, ప్రశ్న అడుగుతూనే ఉంటుంది. ఆ ప్రశ్న మనకు కనిపించదు, అంతే. రహస్యపదం అడిగే చిన్న గవాక్షం ఇతర గవాక్షాల వెనుక దాగి ఉంటుంది. ఎడిటరు లోపలి నుండి ఫెచ్ నడిపినప్పుడు ప్రశ్న పడవలసిన తెరయే ఉండదు. రాత్రి రెండు గంటలకు తనంతట తాను నడిచే పనిలోనైతే జవాబు చెప్పే మనిషే లేడు. గిట్‌హబ్ 2021 ఆగస్టు 13 నుండి ఈ పనులకు ఖాతా రహస్యపదాన్ని అంగీకరించడం మానివేసింది. టోకెను గాని, కీ గాని ఉండాలి. పాత పద్ధతికి అమర్చి మరచిన యంత్రాలు ఆ తరువాత ఇటువంటి ప్రశ్నల వద్దనే చిక్కుపడ్డవి. విరుగుడు సులభం. "గిట్ టెర్మినల్ ప్రాంప్ట్" అనే వేరియబుల్‌ను 0 చేస్తే గిట్ తెర మీద ప్రశ్న అడగడం మాని, విఫలమైనట్లు వెంటనే చెబుతుంది. ఎస్‌ఎస్‌హెచ్‌కు "బ్యాచ్ మోడ్" అనే అమరిక అటువంటిదే.

ఎస్‌ఎస్‌హెచ్ అడిగే ప్రశ్నలలో ఒకటి మాత్రం వేరు. "ఈ కంప్యూటరును నేనింతకు ముందు ఎరుగను, నమ్మమంటారా?" అని అది అడుగుతుంది. ఈ విచారణను శాశ్వతంగా ఆపివేయమని సలహా ఇచ్చేవారు చాలామంది ఉన్నారు. అది ఇంటి తలుపు బిగుసుకుపోయిందని తలుపే ఊడబెరకడం వంటిది. గిట్‌హబ్ వారి రహస్యపు ఆర్‌ఎస్‌ఏ కీ ఒకటి కొద్దిసేపు బహిరంగ రిపాజిటరీలో బయటపడినందున, 2023 మార్చి 24న వారు దానిని మార్చవలసి వచ్చింది. ఆనాడు ఎందరికో తెరల మీద హెచ్చరిక కనిపించింది. విచారణ ఆపివేసుకున్నవారికి అటువంటి హెచ్చరిక అడ్డు రాదు; అవతల ఉన్నది అసలువారో, నకిలీవారో తెలుసుకునే దారి కూడా వారికి ఉండదు. ఆయా సంస్థలు తమ కీ వ్రేలిముద్రలను ప్రకటిస్తవి. పోల్చి చూసి "అవును" అనడానికి ఒక నిమిషం చాలు.

ఇక తలుపు తట్టినా పలకని సందర్భం. గిట్ సరకు మూడు ద్వారాల గుండా రావచ్చు: ఎస్‌ఎస్‌హెచ్‌కు 22, హెచ్‌టీటీపీఎస్‌కు 443, గిట్ సొంత మర్యాదకు 9418. కార్యాలయాలలోను, కళాశాలలలోను ఉండే ఫైర్‌వాల్ 443ను వదిలి తక్కినవాటిని మూసివేయడం పరిపాటి. మూయడంలోనూ రెండు తీరులున్నవి. కావలివాడు "లోనికి వీల్లేదు" అంటే తప్పు వెంటనే తెలుస్తుంది. కాని అనేకచోట్ల అతడు వచ్చిన ఉత్తరాన్ని అందుకుని చడీచప్పుడు లేకుండా బుట్టలో వేస్తాడు. మన కంప్యూటరు జవాబు కోసం ఒక సెకను, రెండు, నాలుగు, ఎనిమిది అంటూ ఎడం పెంచుతూ మళ్లీ మళ్లీ తట్టి, ఒకటి రెండు నిమిషాలకు గాని ఆశ వదులుకోదు. గిట్‌హబ్ వంటి సంస్థలు ఎస్‌ఎస్‌హెచ్‌ను 443వ ద్వారం గుండా కూడా స్వీకరిస్తవి; చిరునామా మార్చుకుంటే సరి. 9418 ద్వారపు దారిని గిట్‌హబ్ 2022 మార్చిలో పూర్తిగా మూసివేసింది కాబట్టి, పాత పుస్తకాలలోని ఆ చిరునామాలు ఇప్పుడు పనికిరావు. కంప్యూటరుకు ఐపీవీ6 చిరునామా పేరుకు ఉండి, దారి నిజంగా లేనప్పుడు కూడా ఇటువంటి నిరీక్షణే కలుగుతుంది. ఐపీవీ4 మాత్రమే వాడమని ఫెచ్‌కు చెప్పి చూస్తే ఆ సందేహం తీరుతుంది.

అన్నింటికన్న విచిత్రమైనదీ, మనుషులను ఎక్కువ రోజులు తిప్పలు పెట్టేదీ మరొకటి ఉన్నది. ద్వారం తెరుచుకుంటుంది, పలకరింపు జరుగుతుంది, ఆ తరువాత మాట పడిపోతుంది. రైలు వంతెన క్రింద సైకిళ్లు పోతవి, జీపులు పోతవి. ఎత్తుగా సరకు నింపిన లారీ మాత్రం పోలేదు. జాలకంలోనూ ఇటువంటి వంతెనలున్నవి. ఈథర్‌నెట్‌పై ఒక ప్యాకెట్టు సాధారణంగా 1500 బైట్ల వరకు ఉండవచ్చు. మన దేశంలో ఇళ్లకు వచ్చే బ్రాడ్‌బాండ్ సంబంధాలలో అనేకం పీపీపీవోఈ పద్ధతిపై నడుస్తవి. ఆ పద్ధతి 8 బైట్లు తనకే ఉంచుకుంటుంది కనుక మిగిలేది 1492. ఇంట్లో కూర్చుండి హైదరాబాదులోనో పుణేలోనో ఉన్న కార్యాలయానికి వీపీఎన్ సొరంగం వేస్తే, ఎత్తు మరికొంత తగ్గుతుంది.

దీనికి పరిష్కారం ఎన్నడో ఆలోచించారు. ప్యాకెట్టును దారిలో ముక్కలు చేయడం హానికరమని కెంట్, మోగల్ అనే ఇరువురు 1987లోనే ఒక పత్రంలో వాదించారు. 1990 నవంబరులో మోగల్, డీరింగ్ వ్రాసిన ప్రమాణం ప్రకారం, ప్రతి ప్యాకెట్టు "నన్ను ముక్కలు చేయవద్దు" అనే గుర్తుతో బయలుదేరుతుంది. పట్టని చోట ఉన్న రౌటరు దానిని ఆపి, "ఇక్కడి ఎత్తు ఇంత" అని ఐసీఎంపీ అనే చిన్న ఉత్తరం వెనక్కు వ్రాస్తుంది. పంపినవాడు మూటలు చిన్నవి చేసుకుంటాడు. ఏర్పాటు చక్కనిదే. కాని భద్రత పేరిట ఐసీఎంపీని సాంతం నిషేధించిన అధికారులు ఈ ఉత్తరాన్నీ చింపివేస్తున్నారు. లారీ వంతెన దగ్గర ఆగిపోయింది, ఆగిందన్న కబురూ ఆగిపోయింది. పంపినవాడు అదే లారీని మళ్లీ మళ్లీ పంపుతూనే ఉంటాడు. ఐసీఎంపీని గంపగుత్తగా ఆపడం భద్రత అనిపించుకోదని, అవివేకమని ఈ రచయిత అభిప్రాయం.

ఎస్‌ఎస్‌హెచ్‌లో ఈ జబ్బు ఇట్టే పట్టుబడుతుంది. ఇరుపక్షాలు మొదట ఒక్కొక్క పంక్తిలో తమ పేరు చెప్పుకుంటవి. అవి చిన్న ప్యాకెట్లు కనుక దాటిపోతవి. తరువాత కీల మార్పిడికి తాము ఎరిగిన పద్ధతుల జాబితా పంపుకుంటవి. అది పెద్దది. వివరాల పంక్తులు సరిగా ఆ మార్పిడి దగ్గర నిలిచిపోతే అనుమానం వంతెన మీదనే. 2022 ఏప్రిల్‌లో వచ్చిన ఓపెన్ ఎస్‌ఎస్‌హెచ్ 9.0 నుండి, రాబోయే క్వాంటమ్ కంప్యూటర్లను దృష్టిలో పెట్టుకుని, వెయ్యికి పైగా బైట్లు గల కీలు అదనంగా చేరినవి. నిన్నటి వరకు నడిచినది నేడు ఆగిపోవడానికి ఇటువంటి మార్పు కూడా ఒక కారణం కావచ్చు. "అదే సంబంధం మీద ఇతర పుటలు చక్కగా వస్తున్నవే" అని పాఠకులు అడగవచ్చు. దారులు వేరు, కావలివారు వేరు; పైగా కొన్ని కంప్యూటర్లు ఉత్తరం రాకపోయినా తామే ఊహించి మూట తగ్గించుకుంటవి.

పరీక్ష సులభం. ముక్కలు చేయవద్దనే గుర్తుతో 1472 బైట్ల పింగ్ పంపండి. దానికి 28 బైట్ల శీర్షిక కలిస్తే 1500. చిన్న పింగ్‌కు జవాబు వచ్చి, దీనికి రాక, 1464కు వస్తే హద్దు 1492 అని తేలినట్లే. పింగ్‌కే పలకని కంప్యూటర్లు కూడా ఉన్నవి. అప్పుడు మన యంత్రం ఎంటీయూను తాత్కాలికంగా 1400కు తగ్గించి ఫెచ్ నడపండి. మన హద్దు సంబంధం ఆరంభంలోనే అవతలివారికి తెలుస్తుంది కాబట్టి వారు పంపే మూటలూ చిన్నవవుతవి. సరకు గలగలా వస్తే కారణం దొరికింది. శాశ్వతమైన చికిత్స రౌటరులో ఉన్నది: ఎంఎస్‌ఎస్ అనే విలువను పీపీపీవోఈ సంబంధానికి 1452గా బిగించడం.

అసలు ఆగనేలేదు, పని జరుగుతున్నదనే అవకాశమూ ఉన్నది. లినక్స్ కెర్నెల్ రిపాజిటరీలో 10 లక్షలకు పైగా కమిట్లున్నవి. అటువంటిదానికి మూట కట్టడానికి కొంత కాలం పడుతుంది. తెరకు బదులు ఫైలులోకి మాటలు మళ్లిస్తే పురోగతి అంకెలు చూపడం కూడా గిట్ మానివేస్తుంది. చరిత్ర అంతా అక్కరలేనివారు లోతు 1 అని చెప్పి తాజా ప్రతి మాత్రం తెచ్చుకోవచ్చు.

సగం సరకు వచ్చి నిలిచిపోయినదైతే వేరు సంగతి. మధ్యలో కరెంటు పోయి రౌటరు మళ్లీ వెలిగినా, వైఫై నుండి మొబైలుకు మారినా, పాత సంబంధం తెగిపోతుంది; కాని వినడమే తప్ప పంపవలసినదేమీ లేని మన కంప్యూటరుకు ఆ సంగతి తెలియదు. లినక్స్‌లో టీసీపీ తనంతట తాను "ఉన్నావా?" అని అడగడానికి మామూలుగా 2 గంటలు పడుతుంది. ఎస్‌ఎస్‌హెచ్‌లో "సర్వర్ అలైవ్ ఇంటర్వల్" 30 సెకన్లుగా పెట్టుకుంటే ఒకటిన్నర నిమిషంలో తేలిపోతుంది. హెచ్‌టీటీపీఎస్ దారిలో, సెకనుకు 1000 బైట్లకన్న తక్కువ వేగం 60 సెకన్లు సాగితే విరమించమని గిట్‌కు చెప్పవచ్చు. ఈ గడువు మనం పెట్టుకుంటే తప్ప ఉండకపోవడం గిట్‌లోని లోపమనే చెప్పాలి.

కారణం మన చేతిలో లేని చోట ఉన్నదని తేలితే, జాలకం చూసే అధికారికి "గిట్ పనిచేయడం లేదు" అని వ్రాయకండి. ఆ ఉత్తరానికి జవాబు రాదు. ఏ చిరునామా, ఏ ద్వారం, ఎన్ని గంటలకు, వివరాలలోని చివరి పంక్తి ఏది, ఎన్ని బైట్ల పింగ్ దాటింది, ఎన్ని బైట్లది దాటలేదు అన్న ఆరు సంగతులు వ్రాయండి. మొబైలు సంబంధం మీద అదే ఆజ్ఞ నడిచినదీ లేనిదీ కూడా చేర్చండి. సగం సందర్భాలలో ఆయన వెతకవలసిన చోటు ఆ ఒక్క వాక్యంతోనే తేలిపోతుంది.