అండమాన్ లెక్కలో మూడో వరుస

మన బడిలో ఎవరైనా "సెలవుల్లో అండమాన్ వెళ్ళొచ్చాం" అనగానే పక్కవాళ్ళు "ఎల్‌టీసీయా?" అని అడుగుతారు. అవునంటే "అయితే ఫ్రీయే కదా!" అంటారు. ఎనిమిదో తరగతిలో మేము వెళ్ళినప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. ఫ్రీ కాదని తిరిగి వచ్చాక తెలిసింది. అందుకే నా అభిప్రాయం చెబుతున్నాను: ఇలాంటి ప్రయాణానికి ఇంట్లో లెక్క వేసేటప్పుడు పిల్లల్ని కూడా కూర్చోబెట్టాలి.

ముందు ఎల్‌టీసీ సంగతి. సాధారణంగా నాలుగేళ్ళ బ్లాకులో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి కుటుంబంతో రెండుసార్లు సొంతూరికి వెళ్ళవచ్చు. లేదా ఒకసారి సొంతూరికి, ఒకసారి దేశంలో ఎక్కడికైనా వెళ్ళవచ్చు. ప్రభుత్వం ఇచ్చేది రానూపోనూ టికెట్ల ఖర్చు మాత్రమే. గది అద్దె, భోజనం, అక్కడ తిరిగే టాక్సీల ఖర్చు మనదే. అండమాన్‌కు ఒక ప్రత్యేక సడలింపు ఉంది. సొంతూరి ఎల్‌టీసీని అండమాన్‌కు మార్చుకోవచ్చు, విమాన అర్హత లేని ఉద్యోగులు కూడా విమానంలో వెళ్ళవచ్చు. మా నాన్నగారు అదే చేశారు. అంటే శ్రీకాకుళం జిల్లాలోని మా ఊరికి రావలసిన టికెట్లే అండమాన్ టికెట్లయ్యాయి. ఆ మాట అక్కకూ నాకూ ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

ఎల్‌టీసీ మీద వెళ్ళేటప్పుడు 10 రోజుల ఆర్జిత సెలవును డబ్బుగా మార్చుకోవచ్చు. ఆ డబ్బుకు కొంత కలిపి నాన్నగారు 50,000 రూపాయలు అనుకున్నారు. చివరికి అయిన ఖర్చు ఇది: ఐదు రాత్రుల గది అద్దె 17,500, భోజనాలు 12,000, దీవుల మధ్య ప్రైవేటు పడవలు 11,200, టాక్సీలు 9,000, అక్కకూ నాకూ స్కూబా డైవింగ్ 8,000, ప్రవేశ టికెట్లు, చిల్లర ఖర్చులు 3,500. గాలివాన వల్ల స్వరాజ్ ద్వీప్ నుంచి పడవలు ఆగిపోయి అదనంగా ఉన్న ఒక రోజుకు 4,800. మొత్తం 66,000. అనుకున్నదానికి 16,000 ఎక్కువ.

ఆ వేసవిలో మేము ఊరికి వెళ్ళలేదు. నాగ్‌పూర్ నుంచి మా నలుగురికీ థర్డ్ ఏసీలో రానూపోనూ ఆ 16,000 సరిపోయేవి. "ఈసారి మామిడిపళ్ళు ఎవరికోసం దాచాలే?" అని నాయనమ్మ ఫోన్లో అడిగింది. అమ్మ "వచ్చే ఏడు వస్తాం అత్తయ్యా" అంది. అప్పుడు అక్క నాన్నగారి డైరీ తీసి లెక్క చూపించింది. స్కూబా కోసం రెండు రోజులు మారాం చేసింది నేనే.

సముద్రం అడుగున చేపల్ని చూడటం తప్పని నేను అనడం లేదు. సెల్యులార్ జైలు చూడటం మర్చిపోలేను. 1906లో పూర్తయిన ఆ జైలుకు ఏడు రెక్కలుండేవి, ఇప్పుడు మూడే మిగిలాయి. ఆ ఇరుకు గదిలో నిలబడినప్పుడు చరిత్ర పాఠం వేరుగా అర్థమైంది. మమ్మల్ని తిప్పిన టాక్సీ డ్రైవరుగారు తెలుగువారే. వాళ్ళ పెద్దలు శ్రీకాకుళం తీరం నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడ్డారట. మూడేళ్ళు డబ్బు కూడబెట్టి ఓడలో విశాఖ వచ్చి ఊరు చూసి వెళతామని చెప్పారు. "మీరు ఊరెళ్ళి ఎన్నాళ్ళయింది?" అని ఆయన అడిగితే నాన్నగారు సమాధానం చెప్పలేదు. ఆ మౌనం నాకు ఇప్పుడు అర్థమవుతోంది.

"పిల్లలకు డబ్బు బాధలు ఎందుకు?" అని పెద్దలు అంటారు. ఆ మాటలో ప్రేమ ఉంది, కాదనను. కానీ మనం మూడేళ్ళకోసారి బడి, స్నేహితులు, భాష మార్చుకునే పిల్లలం. సామాను లారీకి ఎక్కేటప్పుడు ఏది ఉంచాలో ఏది వదలాలో మనల్నే అడుగుతారు. నా సైకిలు వదిలేయమన్నప్పుడు నేను ఒప్పుకున్నాను. అలాంటప్పుడు ప్రయాణం లెక్క మాత్రం మనం మోయలేమా? తెలియని పిల్లలే మారాం చేస్తారు. తెలిసిన పిల్లలు సర్దుకుంటారు, మంచి ఉపాయాలు కూడా చెబుతారు.

ఉదాహరణకు, దీవుల మధ్య ప్రభుత్వ పడవలు ప్రైవేటు పడవలకన్నా చాలా చౌక. వాటి వేళలు ముందే కనుక్కునే పని పిల్లలకు అప్పగించవచ్చు. గాలివానకు పడవలు ఆగవచ్చు కాబట్టి ఒక రోజు ఖర్చు మొదటే పక్కన పెట్టాలి. చెన్నై, కోల్‌కతా, విశాఖల నుంచి ఓడలు కూడా ఉన్నాయి. అయితే ఒకవైపుకే దాదాపు మూడు రోజులు పడుతుంది, సెలవులు చాలతాయో లేదో చూసుకోవాలి. గవ్వలు, పగడాలు అనుమతి లేకుండా తేకూడదు, ఆ ఖర్చు సున్నా!

అందరూ రెండు వరుసల్లో లెక్క రాస్తారు: ప్రభుత్వం ఇచ్చేది, మనం పెట్టేది. నేను మూడో వరుస కూడా రాయాలంటాను: దీనికోసం మనం వదులుకునేది. ఆ వరుస నింపేటప్పుడు పిల్లలు తప్పకుండా ఉండాలి, ఎందుకంటే వదులుకునేవాటిలో మనవీ ఉంటాయి. అప్పుడు నన్ను అడిగి ఉంటే అండమాన్ వద్దనేవాణ్ణి కాదు. స్కూబా వదులుకుని నాయనమ్మ దగ్గరికి వెళదామనేవాణ్ణి.

ఇప్పుడు మా ఇంట్లో ఆ డైరీ భోజనాల బల్ల మీదే ఉంటుంది. ఈ వేసవి లెక్కలో మొదటి పంక్తి నేనే రాశాను: నాగ్‌పూర్ నుంచి ఊరికి, నలుగురికి. మిత్రులారా, మీ ఇంట్లోనూ ఈసారి సెలవుల మాట వచ్చినప్పుడు "ఎక్కడికి?" అని అడిగి ఊరుకోకండి. "దేనికి బదులు?" అని కూడా అడగండి.