సల్మానియా నుంచి సముద్రం దాకా సైకిలు దారి కోరుతూ వినతిపత్రం

మనామా నగర పురపాలక, రహదారుల, ట్రాఫిక్ శాఖల అధికారుల సముఖానికి
సల్మానియాలోనూ చుట్టుపక్కల పేటల్లోనూ ఉంటున్న తెలుగువారు సవినయంగా సమర్పించుకుంటున్న విన్నపం.

విషయం: కొత్తగా సైకిలు తొక్కేవారికి శుక్రవారం ఉదయం పూట భయం లేని దారి ఏర్పాటు చేయడం గురించి.

అయ్యా,

ఈ పత్రానికి అరబిక్, ఇంగ్లీషు ప్రతులు జతపరిచాం. సంతకం పెట్టేవాళ్లు దేనికి పెడుతున్నారో తెలిసి పెట్టాలని తెలుగులోనూ రాశాం.

మాలో ఆసుపత్రి నర్సులున్నారు, డ్రైవర్లున్నారు, దుకాణాల్లో లెక్కలు రాసేవాళ్లున్నారు. గోదావరి జిల్లాలు, కడప, నిజామాబాద్, కరీంనగర్ నుంచి వచ్చినవాళ్లం. రోజంతా ఏసీ గదిలోనో బండి సీట్లోనో గడిచిపోయే బతుకులు. షుగరు, బీపీ పలకరించాక డాక్టరు కాస్త ఒళ్లు కదిలించమంటాడు. సైకిలు కొనడానికి పెద్ద ఖర్చేమీ కాదు. కొన్నాక ఎక్కడ తొక్కాలన్నదే మా బాధ.

బహ్రెయిన్‌లో తొక్కడానికి చోటు లేదని మేం అనడం లేదు. అరాద్ తీరాన పార్కు ఉంది. సఖీర్‌లో ఫార్ములా వన్ కార్లు పరుగెత్తే 5.412 కిలోమీటర్ల ట్రాక్ మీదికి కొన్ని సాయంత్రాలు సైకిళ్లను రానిస్తున్నారు. ఇది మెచ్చుకోవలసిన సంగతి. దేశం పేరు పెట్టుకున్న సైకిలు జట్టు 2017 నుంచి యూరప్ రేసుల్లో తొక్కుతోంది. చిక్కంతా ఒక్కచోటే ఉంది. ఇక్కడ సరదాగా సైకిలు తొక్కాలంటే ముందు కారు ఉండాలి. సఖీర్ మాకు దాదాపు 30 కిలోమీటర్లు. సైకిలును డిక్కీలో పడుకోబెట్టి అంత దూరం మోసుకుపోగలిగినవాడికే ఆ భాగ్యం. కారు లేనివాళ్లకు, ముఖ్యంగా ఆడవాళ్లకు, పార్కింగు స్థలాలే మిగిలాయి. నిలిపిన కార్ల మధ్య ఇరుకులో హ్యాండిలు తిప్పడం నేర్చుకుంటుంటే పక్కకారు తలుపు ఒక్కసారిగా తెరుచుకుంటుంది. పోనీ పార్కుకు వెళదామా అంటే, దగ్గర్లోని ఒకదాంట్లో గేటు దగ్గరే గార్డు ఆపేస్తాడు. పిల్లల సైకిళ్లకైతే సరే, పెద్దవాళ్లకు కుదరదంటాడు.

ఊళ్లో చిన్నప్పుడు అద్దె సైకిలు తీసుకుని, ఫ్రేము సందులోంచి కాలు దూర్చి తొక్కినవాళ్లం మాలో చాలామందిమి. ఆ అలవాటు ఇక్కడ ఎదురు తిరుగుతోంది. అక్కడ బండ్లు నడిచేది ఎడమ పక్క, ఇక్కడ 1967 నుంచీ కుడి పక్క. రౌండెబౌట్ దగ్గరికి రాగానే చెయ్యి దానంతటదే పాత వైపుకు లాగుతుంది. దీన్ని సరిదిద్దుకోవడానికి కొన్నాళ్లపాటు బండ్లు లేని రోడ్డు కావాలి. మా పేట ఆసుపత్రి చుట్టూ అంబులెన్సులు తిరిగే రోడ్ల మీద ఆ సాధన చేయలేం, చేయకూడదు కూడా.

మా పేట నుంచి సముద్రపుటొడ్డున ఉన్న ఫాతె కార్నీష్ సుమారు 3 కిలోమీటర్లు. మధ్యలోని కుదైబియా పేట లోపలి రోడ్లమ్మట నెమ్మదిగా వెళ్లిపోవచ్చు. చివర్లో ఫాతె హైవే దాటడమే గండం. ఈ కొద్దిపాటి దూరాన్ని గుర్తులు పెట్టిన దారిగా మార్చమన్నదే మా ప్రధాన కోరిక. ప్రతి రోడ్డుకూ, ప్రతి బ్లాకుకూ నంబరున్న నగరం కాబట్టి బోర్డులు పెట్టడం కష్టం కాదు. హైవే దగ్గర సిగ్నలు మీద కొత్తవాడు సైకిలు నడిపించుకుంటూ దాటేంత సమయం ఇస్తే చాలు. శుక్రవారం తెల్లవారుజాము నుంచి 8 గంటల దాకా ఆ లోపలి రోడ్లలో కొన్నింటిని బండ్లకు మూయించండి. జుమా నమాజుకు చాలా ముందే అంతా ముగిసిపోతుంది, ఎవరికీ ఇబ్బంది ఉండదు. జూన్‌లో అయిదు కాకముందే తెల్లవారుతుంది గనుక ఎండ బాధా తప్పుతుంది.

ఇది ఎక్కడా జరగని వింతేమీ కాదు. విశాఖపట్నంలో బీచ్ రోడ్డును ఉదయం పూట నడిచేవాళ్ల కోసం బండ్లకు మూస్తారు. బొగోటా నగరం 1974 నుంచీ ఆదివారాలు పెద్ద రోడ్లను సైకిళ్లకు వదిలేస్తోంది. హైదరాబాద్‌లో 2023లో ఔటర్ రింగు రోడ్డు పక్కన సౌర పలకల నీడలో 23 కిలోమీటర్ల ట్రాక్ కట్టారు. మాకంత హంగు అక్కర్లేదు. పైగా అదీ ఊరి చివరిదే, అక్కడికీ చాలామంది కారులోనే చేరుకోవాలి.

మరొక్క మాట. హ్యాండిలుకు బకెట్టు తగిలించుకుని, తెల్లవారకముందే కార్లు కడగడానికి వెళ్లే కార్మికులు మా వీధుల్లో రోజూ కనిపిస్తారు. ఏ సందులో వేగం తక్కువ, ఏ మలుపులో బండి కనిపించదు, ఎక్కడ మ్యాన్‌హోల్ మూత పైకి లేచి ఉంది, అన్నీ వాళ్లకు తెలుసు. దారి గీసేముందు ఇంజనీర్లు వాళ్లను అడగాలని మా మనవి. ఆ దారి వాళ్లకూ పనికొస్తుంది. సరదాకు తొక్కే మాకన్నా పొట్టకూటికి తొక్కే వాళ్లకే దాని అవసరం ఎక్కువ.

ఖర్చు గురించి ఆలోచించవలసి వస్తే, ఈ చలికాలంలో ఒక్క నెల శుక్రవారాలు ప్రయోగంగా చేసి చూడండి. బారికేడ్లు పట్టుకుని నిలబడడానికి, కొత్తవాళ్లకు దారి చూపడానికి మాలో వంతులవారీగా మనుషులు వస్తారు. పరిశీలనకు ఒక అధికారిని పంపించి, ఆయనతోపాటు ఈ మూడు కిలోమీటర్లూ తొక్కే అవకాశం మాకు కల్పించవలసిందిగా ప్రార్థిస్తున్నాం.

ఇట్లు
తమ విధేయులు
సల్మానియా తెలుగు నివాసులు
(సంతకాలు జతపరచడమైనది)