గురిగీతలు

మా మేనల్లుడు అమెరికాలో, టెక్సాసు రాష్ట్రంలో వుంటున్నాడు. చేసేది కంప్యూటరు ఉద్యోగమే అయినా, తోటివాళ్ళతో తిరిగి తిరిగి జింకల వేట మరిగాడు. లైసెన్సు తీసుకొని, అనుమతించిన నెలల్లో వేటాడడం అక్కడ చట్టసమ్మతమే లెండి. మొన్న ఫోనులో ఒక చిక్కుప్రశ్న వేశాడు.

"మామయ్యా! తుపాకికి టెలిస్కోపు కొంటున్నాను. అద్దంలో ఒట్టి నిలువుగీతా అడ్డగీతా వున్నది తీసుకోమంటారా, నిచ్చెనమెట్లలా బోలెడు గీతలున్నది తీసుకోమంటారా? అయిదు వందల మీటర్ల దూరాన కొట్టాలని వుంది."

"తెలుగు మేష్టారిని అడగవలసిన సంగతేనా ఇది?" అని మా ఆవిడ నవ్వింది. ఈ తెలుగు మేష్టారు కాలేజీలో ఎన్.సి.సి. ఆఫీసరు కూడానన్న సంగతి, యూనిఫారం ఇస్త్రీకి వేసే రోజున తప్ప ఆవిడకు జ్ఞాపకం రాదు.

వేట మా జిల్లాకు కొత్తేమీ కాదు. నేనుండే సుబేదారికి ఆ పేరు నిజాం కాలపు సుబేదారుగారివల్ల వచ్చింది. 1902 ఏప్రిల్‌లో వైస్రాయి కర్జన్ ప్రభువు సతీసమేతంగా మన నెక్కొండ దగ్గర డేరాలు వేసి పులివేట సాగించాడు. చచ్చిన పులి ముందు దంపతులిద్దరూ నిలుచున్న ఛాయాచిత్రం రాజా దీనదయాళ్ తీసినది. ఇప్పటికీ పుస్తకాల్లో కనిపిస్తూ వుంటుంది. ఆ కాలపు పులివేటలో హాకావాళ్ళు డప్పులు మోగించి మృగాన్ని వేటగాడి ముందుకు తోలేవారు. అంత దగ్గర గురికి గీతల లెక్కతో పనేముంది? 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. పాకాల, ఏటూరునాగారం అడవులు ఇప్పుడు అభయారణ్యాలు. అక్కడ కెమెరాతో గురి చూసుకోవలసిందే.

దూరపు వేట వేరు. దానికి గీతలు కావాలి. టెలిస్కోపు అద్దంలో కనిపించే ఆ గీతలనే రెటికిల్ అంటారు. తమాషా యేమిటంటే, అవి ముందు పుట్టింది తుపాకి కోసం కాదు, నక్షత్రాల కోసం. 1640 ప్రాంతంలో ఇంగ్లండులో విలియం గాస్కాయిన్ అనే యువకుడి టెలిస్కోపులో సాలెపురుగు ఒక పోగు అల్లిందట. ఆ పోగు చుక్కతోబాటు స్పష్టంగా కనిపించేసరికి, దూరపు వస్తువును కొలిచే ఉపాయం అతనికి తట్టింది. పాపం, 1644లో మార్‌స్టన్ మూర్ యుద్ధంలో చనిపోయాడు. తర్వాత చాలాకాలం సర్వే యంత్రాల్లో సాలెపోగులే వాడారు. ఇప్పుడు గాజుమీదనే గీస్తున్నారు. రోడ్డుపక్క మూడు కాళ్ళ యంత్రంలోకి ఒంటికన్నుతో చూసే సర్వేయరుకు కూడా ఇలాంటి గీతలే కనబడతాయి. పై చిన్నగీతకూ కింది చిన్నగీతకూ నడుమ ఎదుటి కొలబద్ద ఎంత పట్టిందో చూసి, నూరుతో గుణించి దూరం చెప్పేస్తాడు.

మా వాడడిగిన నిచ్చెనగీతల కిటుకు కూడా ఇదే. ఒక మెట్టును "మిల్" అంటారు. అంటే దూరంలో వెయ్యో వంతు. నూరు మీటర్ల దగ్గర పది సెంటీమీటర్లు, అయిదు వందల దగ్గర యాభై. కొన్ని అద్దాల్లో డిగ్రీలో అరవయ్యో వంతు లెక్కన గీతలుంటాయి. అది నూరు మీటర్లకు మూడు సెంటీమీటర్లకు కాస్త తక్కువ. ఏదైనా ఒకటే. గీతలు ఒక లెక్కలో, తిప్పే మరలు ఇంకో లెక్కలో వున్న సరుకు మాత్రం కొనరాదు.

ఇక్కడే అసలు మెలిక. జింక ఛాతీ యాభై సెంటీమీటర్లనుకున్నాము. అద్దంలో ఒక మెట్టు పట్టింది. కాబట్టి అయిదు వందల మీటర్ల దూరాన వుంది. సరే, కాని ఆ జింక చిన్నదై, ఛాతీ నలభయ్యే అయితే? అప్పుడది నాలుగు వందల మీటర్ల దూరానే వున్నట్టు. ఈ నూరు మీటర్ల పొరపాటువల్ల గుండు దిగే దిగుడులో వచ్చే తేడా జింక ఛాతీ యెత్తును మించిపోతుంది. గీత కొలిచేది కోణాన్ని మాత్రమే. జింక వయస్సు దానికేం తెలుసు?

పోనీ, దూరం సరిగ్గానే తెలిసిందనుకోండి. గుండు సెకనుకు ఎనిమిది వందల మీటర్ల వేగంతో బయలుదేరినా, గాలి అడ్డుతుంది గనుక అయిదు వందల మీటర్లు పోవడానికి ముప్పాతిక సెకను దాకా పడుతుంది. ఆలోగా రెండు మీటర్లకు పైనే కిందికి దిగుతుంది. దిగుడును గీతలు సరిచేస్తాయి. కాని ఆ ముప్పాతిక సెకనులో జింక ఒక్క అడుగు ముందుకు వేసిందా, గుండెకు తగలవలసింది కడుపుకు తగులుతుంది. అది పొదల్లో పడి రాత్రంతా గిలగిల్లాడుతుంది. దానికి యే గీతా లేదు.

మన పురాణాల్లో వేటగాళ్ళను చూడండి. దశరథుడు ఏనుగు నీళ్ళు తాగుతున్నదనుకొని మునికుమారుణ్ణి కొట్టాడు. పాండురాజు లేడి రూపంలో వున్న మునిని కొట్టాడు. జరుడనే బోయ కృష్ణుడి పాదాన్ని లేడి అనుకున్నాడు. ముగ్గురిలో ఎవరికీ గురి తప్పలేదు, గుర్తు తప్పింది. అందుకే మా వాడికి మొదట చెప్పింది, "ముందు బైనాక్యులరు కొను" అని. అదేమిటో తెలుసుకోవడానికి తుపాకి మీది అద్దంలోంచి చూడడమంటే, తెలియనిదానిమీదికి తుపాకి యెత్తడమే కదా!

ఇక యే గీతలు? పొదల్లో, నూటయాభై మీటర్ల లోపల, మసక వెలుతురులో అయితే బయటి కొనలు లావుగా, నడుమ సన్నగా వుండే మామూలు అడ్డగీత చాలు. సన్నగీతలు సంజెచీకట్లో మాయమైపోతాయి. లావు కొనలు దారి చూపిస్తాయి. దూరానికైతే మెట్లగీతలే. అయితే ఆ గీతలు ముందు ఫోకస్ తలంలో వున్నవి కావాలి. బొమ్మను పెంచితే గీతలూ పెరుగుతాయి, కొలత చెడదు. వెనుక తలంలో గీసినవైతే ఒక్క పవరు దగ్గరే, మామూలుగా అన్నిటికంటె పెద్ద పవరు దగ్గరే, కొలత సరిపోతుంది. తగ్గిస్తే లెక్క తారుమారు. దుకాణంవాడు ఇది విడమరచి చెప్పకపోవచ్చు. గజిబిజి గీతలు ఎక్కువైనకొద్దీ అద్దంలో జింకే కనపడదు, అదీ చూసుకోవాలి.

దూరాన్ని లేజరు పరికరంతో కొలవమన్నాను, గీతలతో కాదు. అయిదు వందల మీటర్లకు ఈ సంవత్సరం కాగితాన్నే కొట్టమన్నాను. పదింటికి పదీ భోజనం పళ్ళెమంత చోట పడేదాకా జింక జోలికి పోవద్దన్నాను. "అంతవరకూ?" అన్నాడు నీరసంగా. అంతవరకూ నూటయాభై. మన హైదరాబాదు గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్సులో కంచు పతకం తెచ్చింది పది మీటర్ల పోటీలో. అందులో టెలిస్కోపు పెట్టుకోనివ్వరు కూడాను!

కొన్న అద్దాన్ని పరీక్షించడానికి ఒక సులువు వుంది. టేపుతో నూరు మీటర్లు కొలిచి, అక్కడ ఒక మీటరు బద్దను నిలబెట్టాలి. తుపాకికి బిగించకముందే అద్దాన్ని బల్లమీద కదలకుండా అమర్చి చూస్తే, బద్ద సరిగ్గా పది మెట్లు పట్టాలి. తొమ్మిదిన్నరో, పదిన్నరో పడితే మారుమాట లేకుండా దుకాణంలో తిరిగి ఇచ్చేయడమే.