ఇంటికి మాట అందాలి

లాస్ ఏంజెలెస్ దగ్గర ఎల్ మోంటె అనే ఊరుంది. 1995 ఆగస్టు 2న తెల్లవారకముందే అధికారులు అక్కడి ఒక అపార్ట్‌మెంట్ల సముదాయంలోకి వెళ్లారు. లోపల 72 మంది థాయ్‌లు కనిపించారు. దాదాపు అందరూ ఆడవాళ్లే, బట్టలు కుట్టేవాళ్లు. కంచె మీది ఇనుప మొనలు లోపలివైపు తిరిగి ఉన్నాయి. దొంగలు రాకుండా వేసుకునే కంచె అలా ఉండదు.

మంచి జీతమని చెప్పి తీసుకొచ్చి, దారి ఖర్చుల అప్పు తీరేదాకా కదలనివ్వలేదు. కొందరికి అక్కడే ఏళ్లు గడిచిపోయాయి. పొద్దున కూర్చుంటే అర్ధరాత్రి దాకా మిషనే. సబ్బు కావాలన్నా, తినడానికేమైనా కావాలన్నా లోపలి కొట్లోనే, బయటికంటే ఎన్నో రెట్లు పెట్టి కొనాలి. వీటన్నిటికంటే నన్ను కలచివేసేది ఇంకొకటుంది. వాళ్ల ఉత్తరాలు విప్పి చదివేవారు. ఫోను మాట్లాడితే వినేవారు. ఎవరో వింటుంటే అమ్మతో "బాగానే ఉన్నాను" అని తప్ప ఏం చెప్పగలరు? ఇంటికి మాట అందకపోతే ఎంత పెద్ద దేశంలో ఉన్నా అది చెరే.

ఆ చెర పెట్టిందీ థాయ్‌లే. ఆదుకున్నదీ థాయ్‌లే. విడుదలైన వాళ్లను ఇమిగ్రేషన్ శాఖ మళ్లీ నిర్బంధిస్తే, థాయ్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ సెంటర్ తదితర సంఘాలు, లాయర్లు పట్టుబట్టి బయటికి తెచ్చారు. అంతకు ముందటేడే చంచనిత్ మార్టొరెల్ మొదలుపెట్టిన సంస్థ అది. 1999లో హాలీవుడ్ బులవార్డ్ మీద కొంత భాగానికి అధికారికంగా థాయ్ టౌన్ అని పేరు రావడం వెనకా ఆ సంస్థ కృషే ఉంది. పరాయి దేశంలో సొంత భాషవాళ్ల వీధి ఉంటే, ఆపదలో తలుపు తట్టడానికి ఒక ఇల్లు ఉన్నట్టే.

ఈ కథ మనకు దూరం కాదు. బ్యాంకాక్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగమని వెళ్లిన తెలుగు పిల్లలను థాయ్‌లాండ్ సరిహద్దు ఊరు మే సోట్ దగ్గర మోయి నది దాటించి, మయన్మార్‌లోని మ్యావడ్డీ మోసాల అడ్డాల్లో పడేశారు. బల్ల మీద ముక్కూమొహం తెలియనివాళ్లను మోసగించడానికి ఫోన్లు. తమ ఫోనూ పాస్‌పోర్టూ మాత్రం వేరొకరి చేతిలో. తప్పించుకొచ్చినవాళ్లు చెప్పింది ఇదే. 2025 ఫిబ్రవరిలో థాయ్ ప్రభుత్వం ఆ సరిహద్దు ప్రాంతాలకు కరెంటు, ఇంధనం, ఇంటర్నెట్ ఆపేసింది. మార్చిలో మన వైమానిక దళ విమానాలు మే సోట్ నుంచి 549 మంది భారతీయులను తీసుకొచ్చాయి. వారిలో మన రెండు రాష్ట్రాల వాళ్లూ ఉన్నారు.

మన పిల్లలకు వలవేసే ఏజెంట్లలోనూ తెలుగు మాట్లాడేవాళ్లున్నారు. కమ్మగా మన భాషలో చెప్పాడని నమ్మేయకండి. విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఆ ఏజెంటు పేరు ఉందో లేదో చూడండి. టూరిస్టు వీసా మీద ఉద్యోగమంటే అక్కడే ఆపేయండి. బిడ్డ వెళ్లాక రోజూ వీడియో కాల్ చేయమనండి. చేసినప్పుడు "తిన్నావా" అని అడిగి ఊరుకోకండి. పాస్‌పోర్టు ఎవరి దగ్గరుందో కూడా అడగండి. ఆపదలో ఉంటే చెప్పడానికి ఇంట్లోవాళ్లకే తెలిసిన ఒక మాటను ప్రయాణానికి ముందే అనుకుని ఉంచుకోండి.