పాత స్వింగ్... కొత్త కిక్కు!

ఓ పని చేయండి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని 'హెల్' పాట ప్లే చేయండి. కాలు దానంతటదే ఊగుతుంది. తీరా మాటలు వింటే... పాటంతా నరకం గురించే!

1996లో వచ్చిన 'హాట్' ఆల్బమ్‌లోది ఇది. బ్యాండ్ పేరు స్క్విరెల్ నట్ జిప్పర్స్. ఓ పాతకాలపు క్యాండీ పేరే పెట్టేసుకున్నారు. ఊరు అమెరికాలోని చాపెల్ హిల్. కుర్రకారంతా ఎలక్ట్రిక్ గిటార్ల హోరులో ఉన్న టైమ్‌లో వీళ్లు బాంజో, ట్రంపెట్, క్లారినెట్ పట్టుకుని న్యూ ఆర్లీన్స్ వెళ్లి రికార్డ్ చేశారు. అమెరికాలోనే పది లక్షలకు పైగా అమ్ముడైంది.

అంత పాత సంగీతంలో ఏముంది? హాట్ జాజ్‌లో ట్రంపెట్ ట్యూన్‌ని పట్టుకుని నడుస్తుంది. క్లారినెట్ చుట్టూ అల్లుకుంటుంది. ట్రాంబోన్ కింద నుంచి తోస్తుంది. ముగ్గురూ ఒకేసారి మాట్లాడుతున్నా గోలగా ఉండదు. ఇక స్వింగ్ అంటే, బీట్‌ని రెండు సమాన ముక్కలు చేయకుండా మొదటిదాన్ని కాస్త సాగదీసి, రెండోదాన్ని కురచ చేయడం. ఎంత సాగదీయాలో ఫార్ములా లేదు. కోడ్ రాసుకునే నాకు అదే తెగ నచ్చింది.

పాతది మళ్లీ తెచ్చారనగానే కాపీ అనుకుంటాం. కానీ ఇందులో పాటలన్నీ సొంతవే. క్యాథరిన్ వేలెన్ గొంతు పాత రేడియోలోంచి వచ్చినట్టుంటుంది గానీ, పాడేది కొత్త పాట.

నచ్చితే అక్కడే ఆగిపోవద్దు. ఈ సంగీతానికి ప్రాణం పోసింది న్యూ ఆర్లీన్స్ నల్లజాతి కళాకారులు. 1925లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 'హాట్ ఫైవ్'తో మొదలుపెట్టిన రికార్డింగులు ఫోన్‌లోనే దొరుకుతాయి. 'హాట్' విన్నాక అవి వెతక్కపోతే, మనం విన్నది సగమే.