ఆట వృత్తి కావాలంటే

బాస్కెట్‌బాల్‌ను జీవనవృత్తిగా స్వీకరించాలనే కోరిక మన విద్యార్థులలో కొందరికి కలుగుతున్నది. ఆ కోరికను మేము పరిహసించము. అయితే వారు మమ్ములను తరచుగా అడిగే ప్రశ్న, "సార్, సెలెక్షన్లకు ఎక్కడికి వెళ్లాలి?" అన్నది. "అనుభవం ఎక్కడ సంపాదించాలి?" అని అడిగేవారు అరుదు. మా దృష్టిలో ముందు అడుగవలసినది ఈ రెండవ ప్రశ్ననే.

మేము ఎరిగిన ఒక విద్యార్థి సెలెక్షన్ల కోసమని పరీక్షలు మానుకున్నాడు. మొదటి దినముననే తిరిగి వచ్చాడు. లోపం అతని ఎత్తులో లేదు, వేగంలో లేదు. తనకంటె బలవంతులతో అతడు ఏనాడూ ఆడి ఉండలేదు. తన తోటివారిని ఓడించడమే అనుభవమని భ్రమించాడు.

దీనికి భిన్నమైన ఉదాహరణ హకీమ్ ఒలాజువాన్‌ది. ఆయన 1963లో నైజీరియాలోని లాగోస్ నగరంలో జన్మించారు. బాల్యంలో ఆయన ఆడినవి ఫుట్‌బాల్, హ్యాండ్‌బాల్. బాస్కెట్‌బాల్ చేతపట్టినది సుమారు పదిహేనేండ్ల ప్రాయంలోనే. 1980లో అమెరికాలోని హ్యూస్టన్ విశ్వవిద్యాలయంలో చేరారు. మొదటి సంవత్సరం ఆయనను పోటీలలో ఆడనీయలేదు. ఆ తరువాత వేసవి సెలవులలో ఆ నగరంలోని ఒక వ్యాయామశాలకు వెళ్లి, నాటి వృత్తి క్రీడాకారులలో అగ్రగణ్యుడైన మోజెస్ మలోన్‌తో తలపడేవారు. ఆ బలశాలిని ఎదుర్కొని నిలబడడమే ఆయనకు పాఠమయినది. 1984లో ఎన్.బి.ఎ. జట్లు నూతన క్రీడాకారులను ఎన్నుకొన్నప్పుడు మొట్టమొదట పిలిచిన పేరు ఆయనదే. 1994, 1995 సంవత్సరాలలో హ్యూస్టన్ రాకెట్స్ జట్టు విజేతగా నిలవడానికి ఆయన ఆటయే ప్రధాన కారణం. ఉర్దూలో ఉస్తాద్ అన్నా, తెలుగులో గురువు అన్నా, మనలను ఓడించి నేర్పేవాడు కూడా ఆ మాటకు అర్హుడే కదా!

ఇక రెండవ వైపు కూడా చూడవలసి ఉన్నది. పంజాబులోని బల్లో కే అనే పల్లెలో పుట్టిన సత్నామ్ సింగ్ లుధియానాలో ఆట నేర్చి, 2010లో ఫ్లారిడాలోని ఐ.ఎం.జి. అకాడమీకి వెళ్లారు. 2015లో డల్లాస్ మావెరిక్స్ జట్టు ఆయనను 52వ ఎంపికగా స్వీకరించినది. భారతదేశంలో జన్మించి ఆ గౌరవం పొందినవారిలో ఆయనే ప్రథములు. అయినప్పటికీ ఎన్.బి.ఎ. సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడే అవకాశం ఆయనకు లభించలేదు. ఆ సంస్థలో ఉన్నవి 30 జట్లు; జట్టుకు 15 మంది చొప్పున ప్రపంచం మొత్తానికి సుమారు 450 స్థానాలు. ఈ లెక్క ముందు పెట్టుకొని కూడా చదువు మానుకొనడం సాహసం కాదు, అవివేకం.

కాబట్టి విద్యార్థులకు మా సలహా ఇది. వారానికి ఒకనాడైనా మీకంటె పెద్దవారితో ఆడండి, ఓడిపోండి. ఎన్ని బంతులు వేశారో, ఎన్ని రింగులో పడినవో ఒక నోటుపుస్తకంలో వ్రాసుకోండి. చిన్న పోటీలలో స్కోరు వ్రాయండి, రిఫరీగా విజిల్ పట్టండి. ఆడేటప్పుడు కనబడని ఆట అప్పుడు కనబడుతుంది. ఆటగాడు కాలేకపోయినవాడు శిక్షకుడు కావచ్చు. అందుకు పాటియాలాలోని జాతీయ క్రీడాసంస్థ ఉన్నది. రైల్వేలు మొదలైన సంస్థలు క్రీడాకారులకు ఉద్యోగాలిస్తున్నవి. అయితే ఈ ద్వారాలన్నింటి వద్దా విద్యార్హతను అడుగుతారని మరువరాదు.

కళాశాల కమిటీ పెద్దలకు కూడా ఒక మనవి. మన బాస్కెట్‌బాల్ కోర్టుకు సాయంత్రం నాలుగు గంటలకే తాళం పడుతున్నది. తరగతులు ముగిసేది కూడా అప్పుడే! అనుభవం లేదని విద్యార్థిని నిందించే ముందు, అనుభవం దొరికే స్థలాన్ని మనమే మూసివేస్తున్నామేమో ఆలోచించాలి. రెండు దీపాలు, రెండు గంటల వ్యవధి, ఊరిలోని పాత క్రీడాకారులకు ఒక ఆహ్వానం చాలు. 1891లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ అనే ఉపాధ్యాయుడు రెండు పండ్ల బుట్టలు వ్రేలాడదీసి ఈ ఆటను ప్రారంభించింది తన విద్యార్థుల కోసమే. మన విద్యార్థుల కోసం మనం ఒక తాళం తీయలేమా?